దిల్‌సుఖ్‌నగర్ ల్యాబ్‌లో యూరిన్ కల్చర్ పరీక్ష: మా అనుభవం

మా అమ్మకు ఆరు నెలల్లో రెండోసారి మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మొదటిసారి డాక్టరు చీటీ లేకుండానే మందుల షాపులో ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ బిళ్లలు వాడి, మంట తగ్గగానే మానేసింది. ఈసారి డాక్టరు గారు మందు మొదలుపెట్టకముందే కల్చర్, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి అది ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్ష, చేయించమన్నారు. మా ఇంటికి దగ్గరలోని ఈ ల్యాబ్‌లో అందుకు 700 రూపాయలు తీసుకున్నారు.

ముందుగా లోపం చెబుతాను. మొదటి శాంపిల్‌ను ఉదయం 7 గంటలకు ఇంటి నుంచి తీసుకెళ్లిన కుర్రవాడు ఐస్ పెట్టె లేకుండా తిరిగి 11 గంటలకు చేర్చాడు. చల్లగా ఉంచకపోతే రెండు గంటల్లోనే బ్యాక్టీరియా పెరిగి లెక్క తప్పుతుంది కనుక ల్యాబ్ వారు దాన్ని తిరస్కరించారు. అది నిజాయితీయే అయినా మాకు ఒక రోజు వృథా అయింది.

మర్నాడు నేరుగా వెళ్లాం. అక్కడి అమ్మాయి స్టెరైల్ డబ్బా ఇచ్చి, మొదటి ధార వదిలేసి మధ్యలోది పట్టాలని, మూత లోపలి వైపు తాకకూడదని అమ్మకు ఓపికగా చెప్పింది. మూడో రోజు రిపోర్టుకు వెళ్లినప్పుడు, నేను అడిగితే టెక్నీషియన్ గారు కల్చర్ ప్లేటు చూపించారు. అందులో బ్యాక్టీరియాను పెంచి, ఒక్కో మందు పట్టించిన చిన్న కాగితపు బిళ్లలను పైన ఉంచుతారు. సిప్రోఫ్లాక్సాసిన్ కాగితపు బిళ్ల అంచు దాకా బ్యాక్టీరియా మందంగా పెరిగి ఉంది. నైట్రోఫ్యూరాంటోయిన్ అనే మరో మందు కాగితపు బిళ్ల చుట్టూ మాత్రం రూపాయి నాణెమంత మేర ఏమీ మొలవలేదు. దొరికింది ఇ. కోలై అనే బ్యాక్టీరియా, అదీ పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ జాతి యాంటీబయాటిక్‌లలో చాలావాటిని విరగ్గొట్టే ఇ.ఎస్.బి.ఎల్. ఎంజైమ్ తయారుచేసే రకం. 1953 నుంచి వాడుకలో ఉన్న ఆ పాత నైట్రోఫ్యూరాంటోయిన్‌తోనే ఐదు రోజుల్లో అమ్మ కోలుకుంది.

ఈ పరీక్ష విలువ నాకు అక్కడే అర్థమైంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి పర్యవేక్షణలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను వెలికితీసిన 1940లలో కొత్త రకాల యాంటీబయాటిక్స్ ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఇప్పుడలా రావడం లేదు. చెన్నైకి చెందిన ఆర్కిడ్ ఫార్మా కనుగొన్న ఎన్మెటాజోబాక్టమ్ అనే మందు సరిగ్గా ఈ ఎంజైమ్‌లనే అడ్డుకుంటుంది. సెఫిపైమ్ అనే యాంటీబయాటిక్‌తో కలిపిన ఆ ఇంజెక్షన్‌కు, తీవ్రమైన మూత్ర ఇన్‌ఫెక్షన్ల కోసం, 2024 ఫిబ్రవరిలో అమెరికా అనుమతి లభించింది. అంత కష్టపడి తెచ్చిన మందును పాత బిళ్లతో తగ్గే జబ్బుకు ఖర్చు చేస్తే బ్యాక్టీరియా దానికీ అలవాటు పడుతుంది.

రిపోర్టు ఇంగ్లీషులోనే ఇవ్వడం మరో లోటు. 'ఎస్' అంటే మందు పనిచేస్తుందని, 'ఆర్' అంటే చేయదని తెలుగులో ఒక్క వాక్యం రాస్తే అమ్మలాంటి వారికి ఎంతో మేలు. మొత్తానికి ఐదుకు నాలుగు మార్కులిస్తాను. శాంపిల్ మాత్రం స్వయంగా తీసుకెళ్లి ఇవ్వండి.