దేశమంతా ఒకే పన్నా, రాష్ట్రం చేతిలో పన్నా: ఏది మేలు?

రిఫైనరీ ఉన్నది మన విశాఖ మల్కాపురంలో. డీజిల్ చవక మాత్రం ఒడిశాలో. అందుకే బరంపురం వైపు వెళ్లే లారీలు ఇచ్ఛాపురం దాటాకే ట్యాంక్ ఫుల్ చేయించుకుంటాయి. అదే లారీలో గాజువాక నుంచి వెళ్లే ఇనుప ఊచల మీద పన్ను ఇక్కడైనా అక్కడైనా 18 శాతమే. ఊచలకి దేశమంతా ఒకే రేటుండే జీఎస్టీ, డీజిల్‌కి రాష్ట్రమే రేటు పెట్టుకునే అమ్మకపు పన్ను, వ్యాట్.

దేశమంతటా వర్తకం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణం చెబుతుంది. పక్క రాష్ట్రం సరుకు మీద మన సరుకు కంటే ఎక్కువ పన్ను వేయకూడదని 304 అంటుంది. అలా వివక్ష చూపనంత వరకు పన్ను వేసినంత మాత్రాన 301ని ఉల్లంఘించినట్టు కాదని 2016లో జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల బెంచ్ తేల్చింది. మరుసటి ఏడాది జూలై 1న జీఎస్టీ వచ్చాక రేట్ల సంగతి కేంద్ర, రాష్ట్రాల మంత్రులుండే జీఎస్టీ కౌన్సిల్‌కి వెళ్లిపోయింది. పెట్రోలు, డీజిల్, తాగే మద్యం రాష్ట్రాలకి మిగిలాయి.

సరుకు కదలడానికైతే ఒకే మార్కెట్టే మేలు, రెండో మాట లేదు. సరిహద్దు దగ్గర వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులో లారీ ఆపి, కాగితాలు పట్టుకుని కౌంటర్ ముందు నిలబడిన రోజులు డ్రైవర్లనడిగితే చెబుతారు. ఇప్పుడు ఆ చెక్‌పోస్టులు లేవు, ఫోన్‌లో ఈ-వే బిల్లు (ఆన్‌లైన్‌లో తీసే సరుకు రవాణా పత్రం) నంబరు, చేతిలో సరుకు బిల్లు ఉంటే చాలు.

రేటు విషయానికొస్తే నేను అంత తొందరపడను. 2018 వరదల తర్వాత కేరళ ఒక్క శాతం సెస్సు వేసుకోవడానికి కూడా కౌన్సిల్ ఒప్పుకోవాల్సి వచ్చింది. హుద్‌హుద్‌ని చూసిన విశాఖవాళ్లకి దీని బరువు తెలుసు. పైగా కౌన్సిల్‌లో ఏది నెగ్గాలన్నా ఓట్ల విలువలో నాలుగింట మూడొంతులు కావాలి. కేంద్రానిది మూడో వంతు, అంటే అది వద్దంటే రాష్ట్రాలన్నీ కలిసినా ఏదీ కదలదు. 2025 సెప్టెంబరులో సిమెంటు 28 నుంచి 18 శాతానికి దిగింది. ఇల్లు కట్టుకునేవాళ్లకి సంతోషమే, ఖజానాకి పడిన చిల్లు మాత్రం రాష్ట్రం సొంతంగా రేటు పెంచి పూడ్చుకునే వీల్లేదు.

కాబట్టి పెట్రోలు, డీజిల్‌ని కూడా జీఎస్టీలో కలిపేయమంటే నేను వద్దంటాను. అలాగని మన ప్రభుత్వాలు ఆ అధికారాన్ని తెలివిగా వాడాయనీ అనను. ఒడిశా డీజిల్ మీద 24 శాతం వ్యాట్ వేస్తే, మనం చాన్నాళ్లుగా వేస్తున్నది 22.25 శాతమే. పైకి మనదే తక్కువ. కానీ లీటరుకి 4 రూపాయల అదనపు వ్యాట్, రూపాయి రోడ్డు సెస్సు కలిపితే లెక్క తిరగబడుతుంది. ఆ అదనాన్ని కాస్త తగ్గిస్తే, ఒడిశా బంకుల్లో పడుతున్న డబ్బులో కొంతైనా ఇటు తిరుగుతుంది. దానికి కౌన్సిల్‌నో ఢిల్లీనో అడగక్కర్లేదు, అమరావతి నుంచి ఒక్క జీవో చాలు.