ఇంట్లో మొక్క పూయాలంటే ఏది మేలు: ఎరువా, వెలుతురా, చల్లని రాత్రులా?

కొన్నప్పుడు నిండుగా పూసిన పీస్ లిల్లీ, ఆ పూలు వాడాక నెలల తరబడి మొగ్గే వేయదు. ఆకులు మాత్రం నవనవలాడుతూ ఉంటాయి. వెంటనే అందరికీ గుర్తొచ్చేది ఎరువు. నన్నడిగితే దాని వంతు చివర రావాలి.

ఎరువు మొక్క ఆకలి తీరుస్తుంది, అంతవరకే. నత్రజని ఎక్కువైతే ఆకులే గుబురుగా వస్తాయి. పూల కోసమంటూ అమ్మే భాస్వరం ఎక్కువున్న ఎరువులూ పెద్దగా చేసేదేమీ లేదు, ఎందుకంటే కుండీ మొక్కకు భాస్వరం కావాల్సింది కొంచెమే. మిగిలిన లవణాలు మట్టి మీద, కుండీ అంచున తెల్లటి పొరలా పేరుకుని వేళ్ల చివరలను మాడుస్తాయి. మొక్క బాగా పెరుగుతున్న రోజుల్లో, డబ్బా మీద రాసిన మోతాదులో సగం వేస్తే చాలు.

అసలు లోటు చాలా ఇళ్లలో వెలుతురుదే. మన కళ్లు మసక వెలుగుకి ఇట్టే అలవాటు పడతాయి కాబట్టి గది మధ్యలోనూ వెలుతురు బాగానే ఉందనిపిస్తుంది. కానీ కిటికీ నుంచి దూరం జరిగేకొద్దీ అది చాలా వేగంగా పడిపోతుంది. మిట్టమధ్యాహ్నం మొక్క ఉన్నచోట తెల్ల కాగితం పెట్టి, దానికి జానెడు పైన చెయ్యి చాపి చూడండి. నీడ అంచులు మెత్తగా ఉండి వేళ్లు గుర్తుపట్టేలా ఉంటే సరిపోతుంది. నీడ కనీకనిపించకుండా ఉంటే ఆ చోట పూలు కష్టం. నీడ గీత గీసినట్టుగా పడితే మాత్రం ఎండ ఎక్కువ, పల్చటి కర్టెన్ అడ్డం ఉండాలి.

ఆంథూరియంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. దాని పువ్వు ఆకు మొదట్లోంచి వస్తుంది, అంటే కొత్త ఆకులు ఎంత తొందరగా వస్తే పూలకు అంత అవకాశం. చీకటి మూలలో ఆకులే నెమ్మదిగా వస్తాయి, ఇక పూల సంగతి చెప్పేదేముంది! పీస్ లిల్లీకి ఇంకో సంగతుంది. పెంపకందార్లు చాలాసార్లు జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే ఎదుగుదల హార్మోన్ చల్లి దాన్ని అమ్మకానికి సరిగ్గా పూయిస్తారు. కాబట్టి మొదటిసారి అలా పూసిందని ఇంట్లో నీడలోనూ పూస్తుందనుకోకూడదు. కిటికీ సౌకర్యం లేకపోతే గ్రో లైట్ (మొక్కల కోసం చేసిన దీపం) కింద రోజుకు 12 గంటలు ఉంచండి.

వెలుతురు సరిపోయినా పూయనిది ఫాలెనాప్సిస్ ఆర్కిడ్. దానికి కావాల్సింది చల్లదనం. పగలూ రాత్రీ 28 డిగ్రీల పైనే ఉంటే అది ఆకులతోనే కాలం గడిపేస్తుంది. కొన్ని వారాలపాటు రాత్రిళ్లు 16 నుంచి 18 డిగ్రీల దగ్గర, పగలు 25 మించకుండా ఉంటే పూకాడ బయలుదేరుతుంది. కొత్తగా తొంగిచూసింది వేరో కాడో అని టెన్షన్ పడక్కర్లేదు. వేరు కొన గుండ్రంగా, నున్నగా ఉంటుంది. పూకాడ కొన కాస్త చదునుగా, పొర కప్పుకున్నట్టు ఉండి పైకి లేస్తుంది. కాడ కనిపించాక కుండీని అటూఇటూ తిప్పకండి, పూలు ఒక్కో దిక్కుకు తిరిగిపోతాయి. చల్లగాలి సూటిగా తగిలినా మొగ్గలు రాలతాయి. ఆంథూరియానికి మాత్రం ఈ చలి వైద్యం చేయకండి, అది వెచ్చదనం కోరే మొక్క.

పైవి చేసినా ఒక్కోసారి మొండికేసే మొక్క ఒకటుంది, అనాస కుటుంబానికి చెందిన బ్రొమీలియాడ్. ఆకుల నడిమి గుంటలో నీళ్లు వంపేసి, పండిన ఆపిల్‌తో పాటు పారదర్శకమైన సంచిలో వారం పది రోజులు మూసి, ఎండ తగలకుండా ఉంచితే, పండు వదిలే ఇథిలీన్ వాయువు దాన్ని పూతకు కదిలిస్తుంది. పువ్వు కనిపించడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు. అయితే తల్లి మొక్క ఒక్కసారే పూసి, పిలకలు వేసి మెల్లగా పోతుంది. అందుకే పూర్తిగా ఎదగని మొక్క మీద ఈ పని చేయొద్దు.