నడకా, బగ్గీనా? ముడసర్లోవలో ఏళ్ల తరబడి గోల్ఫ్ ఆడాక నా అభిప్రాయం

విశాఖపట్నంలో ముడసర్లోవ దగ్గరున్న ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్‌లో చాలా ఏళ్లుగా ఆడుతున్నాను. మొదట్లో నడిచేవాణ్ణి. మధ్యలో మోకాలు ఇబ్బంది పెట్టడంతో కొన్నేళ్లు పూర్తిగా బగ్గీ (కోర్సులో తిరిగే చిన్న బ్యాటరీ బండి) మీదే తిరిగాను. ఇప్పుడు ఎండాకాలం తప్ప మిగతా ఏడాదంతా మళ్లీ నడుస్తున్నాను. కొత్తగా ఆట మొదలుపెట్టినవాళ్లు "బగ్గీ తీసుకోమంటారా అన్నయ్యా, నడవమంటారా?" అని అడుగుతుంటారు. నా జవాబు ఒకటే. కాళ్లు సహకరిస్తే నడవండి. బ్యాగు మాత్రం మీరు మోయకండి.

బ్యాగు సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నడక వద్దనుకునే చాలామందిని అసలు భయపెట్టేది అదే. నియమాల ప్రకారం 14 క్లబ్బుల (బంతి కొట్టే కర్రల) వరకు ఉంచుకోవచ్చు. వాటికి తోడు బంతులు, గొడుగు, నీళ్ల సీసా, తువ్వాలు. ఆ బరువు భుజాన వేసుకుని 18 హోల్స్ (బంతిని గుంటలో వేసి ముగించే 18 భాగాలు) తిరిగితే ఆఖరి నాలుగైదు హోల్స్‌లో స్వింగ్ తిరగదు, నడుము పట్టేస్తుంది. అదే బ్యాగు ట్రాలీ మీద ఉండి, దాన్ని కేడీ (ఆటగాడి వెంట వచ్చే సహాయకుడు) లాగుతుంటే నడక నడకలాగే ఉంటుంది. అమెరికాలోని కొలరాడోలో నీల్ వోల్కోడాఫ్ అనే పరిశోధకుడు 2008 ప్రాంతంలో దీన్ని కొలిచి చూశాడు. తొమ్మిది హోల్స్‌కి బ్యాగు మోసుకుంటూ నడిస్తే సుమారు 721 కేలరీలు, ట్రాలీ తోసుకుంటూ నడిస్తే 718, కేడీతో నడిస్తే 613, బగ్గీలో వెళితే 411 ఖర్చయ్యాయి. మోసినా తోసినా కేలరీల్లో తేడా దాదాపు లేదు. స్కోరు దగ్గర మాత్రం తేడా కనిపించింది. ట్రాలీ తోసినవాళ్లు అందరికన్నా బాగా ఆడారు, బ్యాగు మోసినవాళ్లు అందరికన్నా వెనకబడ్డారు. చూసింది కొద్దిమంది ఆటగాళ్లనే కాబట్టి దాన్ని శాసనంగా తీసుకోనక్కర్లేదు. అయినా నేను మా కోర్సులో చూస్తున్నది కూడా అదే.

కోర్సు పొడవు గజాల్లో చూస్తే నడక తక్కువే అనిపిస్తుంది. కానీ ఎవరూ గీత గీసినట్టు తిన్నగా నడవరు. బంతి కుడి చెట్లలోకి పోతుంది, తర్వాతది ఎడమ గడ్డిలోకి. ఒక గ్రీన్ (గుంట చుట్టూ ఉన్న నున్నటి గడ్డి) నుంచి తర్వాతి టీ (మొదటి షాట్ కొట్టే చోటు) దాకా మళ్లీ నడవాలి. మొత్తం కలిపితే 18 హోల్స్‌కి 8 నుంచి 10 కిలోమీటర్లు అవుతుంది. కొండల మధ్య లోయలో ఉన్న కోర్సు కాబట్టి మా దగ్గర ఎత్తుపల్లాలు కూడా ఉంటాయి.

నడకే మేలని నేను గట్టిగా చెప్పేది ఆరోగ్యం కోసం కాదు, ఆట కోసం. ముఖ్యంగా విశాఖ గాలి కోసం.

ఇక్కడ తెల్లవారుజామున గాలి కొండల వైపు నుంచి సముద్రం మీదకి మెల్లగా వీస్తుంది. ఎండెక్కాక నేల వేడెక్కి, గాలి మళ్లి సముద్రం నుంచి లోపలికి రావడం మొదలవుతుంది. ఆ మార్పు ఒక్క క్షణంలో జరగదు. కాసేపు గాలే ఉండదు, ఉక్కపోస్తుంది, ఆ తర్వాత చెంప మీద చల్లగా తగులుతుంది. ఆరింటికి మొదలుపెట్టిన రౌండ్‌లో చివరి హోల్స్‌కి వచ్చేసరికి తరచూ ఇదే జరుగుతుంది. నడిచేవాడికి ఇది ఒంటికి తెలుస్తుంది. బగ్గీలో కూర్చున్నవాడికి బండి వేగమే ఒక గాలి. దిగి బంతి దగ్గర నిలబడ్డాక, అసలు గాలి ఎటునుంచి వస్తోందో తెలియడానికి కొంత సమయం కావాలి. ఆ సమయం ఎవరూ తీసుకోరు, వెనక గ్రూపు చూస్తోందని గబగబా కొట్టేస్తారు. 150 గజాల షాట్‌కి ఎదురుగాలిలో ఒక క్లబ్ తేడా (ఏడో నంబరుకి బదులు, ఇంకా దూరం పంపే ఆరో నంబరు), ఒక్కోసారి రెండు కూడా వస్తుంది. బగ్గీ రోజుల్లో నా షాట్లు గ్రీన్ ముందున్న బంకర్లో (ఇసుక గుంటలో) పడేవంటే ఎక్కువగా కారణం ఇదే.

గాలి ఒక్కటే కాదు. డ్రైవ్ (టీ నుంచి కొట్టే పొడవాటి షాట్) కొట్టాక బంతి దాకా నడవడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ముందు షాట్ తాలూకు చికాకు ఆ నిమిషాల్లో దిగిపోతుంది, తర్వాతి షాట్ మీదకి మనసు మళ్లుతుంది. ఫెయిర్‌వే (టీకీ గ్రీన్‌కీ మధ్య కత్తిరించిన గడ్డి దారి) గట్టిగా ఉందో, రాత్రి వానకి మెత్తబడిందో పాదానికి తెలుస్తుంది. బంతి పడ్డాక ఎంత దొర్లుతుందో దాన్నిబట్టి అంచనా కడతాం. అన్నిటికన్నా లాభం గ్రీన్ దగ్గర. నడిచేవాడు ఫెయిర్‌వే మధ్య నుంచి ఎదురుగా వస్తాడు కాబట్టి, ముప్పై నలభై గజాల దూరం నుంచే గ్రీన్ మొత్తం ఎటు వాలిందో కనిపిస్తుంది. బగ్గీ దారి ఎప్పుడూ పక్కనుంచో వెనకనుంచో ఉంటుంది. అక్కడ దిగి పటర్ (బంతిని గుంటలోకి దొర్లించే క్లబ్) పట్టుకుని గ్రీన్ మీదకి వచ్చేసరికి ఆ పెద్ద వాలు కంటికి ఆనదు, హోల్ చుట్టూ ఉన్న చిన్న వాలే కనిపిస్తుంది.

ఇక కేడీ. నడిచినప్పుడు కేడీ మన పక్కనే ఉంటాడు. నాతో వచ్చే కుర్రాడికి ఈ కోర్సులో ప్రతి అడుగూ తెలుసు. "గాలి తిరిగీసింది బాబూ, సెవెన్ కాదు, సిక్స్ కొట్టీయండి" అంటాడు, నేను కొడతాను. ఈ మాట అతను నడుస్తూ చెబుతాడు, నాకంటే ముందు ఆకుల కదలిక చూసి. బగ్గీ తీసుకున్న రోజున అతను బండి వెనక నిలబడో, బంతి ఎక్కడ పడుతుందో చూడ్డానికి ముందు పరుగెత్తో పనిచేయాలి. ఇద్దరి బంతులూ, నాలుగు దిక్కులూ. మాట్లాడుకునే వీలే ఉండదు. కేడీ ఫీజు ఇచ్చి కేడీ తెలివిని వదులుకోవడం నాకు నచ్చదు.

బగ్గీ వేగం గురించి ఒక మాట. బగ్గీలో ఆట తొందరగా అయిపోతుందని చాలామంది నమ్మకం. ఒక్కరే ఆడుతూ, ముందు ఎవరూ లేకపోతే నిజమే. ఇద్దరు ఒక బండిలో ఉండి, ఒకరి బంతి ఎడమ చివర, ఇంకొకరిది కుడి చివర ఉంటే, బండి అటొకసారి ఇటొకసారి తిరగాలి. ఒకరు ఆడేదాకా ఇంకొకరు కూర్చుని ఉండాలి. వాన పడి బండ్లు దారి దిగకూడదన్న రోజైతే మరీ కష్టం. మూడు క్లబ్బులు చేత్తో పట్టుకుని అడ్డంగా నడిచి వెళ్లాలి, అక్కడికెళ్లాక కావాల్సింది నాలుగోదని తెలుస్తుంది. నలుగురు నలుగురుగా ఆడే ఆదివారం పొద్దున మన వేగాన్ని నిర్ణయించేది ముందు గ్రూపే. నడిచినా, ఎక్కినా టీ దగ్గర ఆగాల్సిందే.

మోకాలి గురించి చాలామంది అడుగుతారు కాబట్టి వివరంగా రాస్తాను. నొప్పి మొదలైనప్పుడు బగ్గీ ఎక్కడం సహజమే, నేనూ అదే చేశాను. నొప్పి ఎక్కువగా ఉన్న రోజుల్లో అది నన్ను ఆటలో ఉంచింది, ఆ మేలు మరచిపోను. కానీ కొంత తగ్గాక నాకు తెలిసిందేమిటంటే, కూర్చుని దిగి, ఒక్కసారిగా స్వింగ్ చేసి, మళ్లీ కూర్చోవడం వల్ల మోకాలూ నడుమూ బిగుసుకుపోతాయి. ఒళ్లు వేడెక్కదు. నడిచిన రోజున మొదటి రెండు హోల్స్ దాటితే కీళ్లు వదులవుతాయి. నన్ను చూసిన ఫిజియోథెరపిస్టు చదును మీద నడక మంచిదే అన్నారు, దిగుడు దగ్గర జాగ్రత్త చెప్పారు. అందుకే దిగుడుల్లో ఇప్పటికీ తిన్నగా దిగను, ఏటవాలుగా, చిన్న అడుగులతో దిగుతాను. ఇది నా మోకాలి కథ, మీ మోకాలి సంగతి మీ డాక్టరే చెప్పాలి.

షుగరు గురించి ఇంకో సంగతి. 2023లో తూర్పు ఫిన్లాండ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 65 ఏళ్లు, ఆ పైబడిన 25 మంది గోల్ఫ్ ఆటగాళ్ల మీద ఒక అధ్యయనం చేశారు. అదే మనుషుల చేత 18 హోల్స్ ఆడించారు, వేరే రోజుల్లో 6 కిలోమీటర్ల మామూలు నడక, 6 కిలోమీటర్ల నార్డిక్ వాకింగ్ (రెండు చేతుల్లో కర్రలతో నడక) చేయించారు. మూడూ బీపీని తగ్గించాయి. రక్తంలో షుగరు, కొవ్వుల విషయంలో మాత్రం గోల్ఫ్ కొంచెం ముందుంది. తీవ్రత తక్కువే అయినా ఎక్కువసేపు, ఎక్కువ దూరం నడవడమే కారణమని వాళ్ల వివరణ. బీచ్ రోడ్డులో రోజూ నడిచే మా బావగారికి ఈ సంగతి చెబితే, మరుసటి వారమే క్లబ్ చూపించమని వచ్చారు.

ఇంత చెప్పినా ఏప్రిల్, మే నెలల్లో నేను బగ్గీ తీసుకుంటాను, మొహమాటం లేకుండా. మన ఊళ్లో ఎండకన్నా తేమ ప్రమాదం. చెమట ఆరదు కాబట్టి ఒళ్లు చల్లబడదు. పొద్దున తొమ్మిది దాటాక కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం, తలనొప్పి మొదలైతే అక్కడితో ఆపేయాలి, స్కోరు ఎంతున్నా సరే. ఈ నెలల్లో నా పద్ధతి మొదటి తొమ్మిది నడక, తర్వాత తొమ్మిది బగ్గీ. ఉత్త నీళ్లు చాలవు, ఉప్పు వేసిన మజ్జిగ ఒక సీసా, ఒక ఓఆర్ఎస్ ప్యాకెట్ బ్యాగులో ఉండాలి. వేసవి సాయంత్రాల్లో ఉరుములు వినిపిస్తే నడక, బగ్గీ రెండూ వద్దు. బగ్గీ పైకప్పు పిడుగు నుంచి కాపాడదు, పక్కా భవనంలోకి వెళ్లిపోవాలి.

బగ్గీ ఎక్కేవాళ్లు బ్రేకు మీద నమ్మకంతో దిగుడులో వేగంగా మలుపు తిప్పొద్దు. కూర్చున్నవాళ్లు కాలు బయటకి పెట్టొద్దు. వేరే ఊళ్లో ఒక కోర్సులో మా బండి ఎత్తు సగం ఎక్కి ఆగిపోయింది. బ్యాటరీ పాతబడింది. ఇద్దరం దిగి, క్లబ్బులు చేత్తో పట్టుకుని మిగతా మూడు హోల్స్ ఆడాం. అప్పట్నుంచి ఎక్కడ బగ్గీ తీసుకున్నా ఛార్జింగ్ ముల్లు చూశాకే కదులుతాను.

నడవనివాడు గోల్ఫరే కాదని తేల్చేసే మాట మాత్రం నేను ఒప్పుకోను. మా గ్రూపులో గుండె ఆపరేషన్ అయిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆయనకి బగ్గీ లేకపోతే ఆటే లేదు. చిప్పింగ్ (గ్రీన్ మీదకి చిన్న షాట్), పటింగ్ మాకందరికీ ఆయనే నేర్పుతారు. ఈ వాదన అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. కాలికి రక్తప్రసరణ జబ్బున్న కేసీ మార్టిన్ అనే ఆటగాడు తనని బండిలో వెళ్లనివ్వాలని, వృత్తి గోల్ఫ్ పోటీలు నడిపే పీజీఏ టూర్ మీద కేసు వేస్తే, 2001లో 7-2 తేడాతో అతని పక్షాన తీర్పు వచ్చింది. అతను బండిలో వెళ్లినంత మాత్రాన ఆట మూలస్వరూపం మారదని కోర్టు చెప్పింది. స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు అందరూ నడవాల్సిన చోటే, అక్కడ కూడా ఆరోగ్య కారణాలున్నవాళ్లకి మినహాయింపు ఉంది.

కొత్తవాళ్లకి నా సలహా: మొదటి నెలంతా తొమ్మిది హోల్సే నడవండి, ఒకే కేడీని పెట్టుకోండి. బూట్లు అర సైజు పెద్దవి కొనండి, ఎండలో పాదాలు ఉబ్బుతాయి. రెండో జత సాక్సులు బ్యాగులో వేసుకోండి, మంచు తడికి మొదటి జత మూడో హోల్‌కే తడిసిపోతుంది. ట్రాలీ కొనేటట్టయితే మూడు చక్రాలది, చేతి బ్రేకు ఉన్నది చూడండి. మన వాలుల్లో బ్రేకు లేని ట్రాలీ మీకంటే ముందే కిందికి పోతుంది.