ఐదు కిలోల రైఫిల్‌కి బైపాడ్: చవకది కొన్నాక, మంచిది కొన్నాక

రైఫిల్ ముందు భాగాన్ని నేల మీద నిలబెట్టే స్టాండే బైపాడ్. అందులో ఏముంది, రెండు కాళ్లేగా అనుకుని పోయిన ఉగాదికి ఆన్‌లైన్‌లో 1,650 రూపాయలది ఒకటి తెప్పించుకున్నాను. దసరాకల్లా దాన్ని విప్పి అటక మీద పడేసి, మెహిదీపట్నంలో ఉండే ఒక సీనియర్ షూటర్ అన్న దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో హారిస్ కంపెనీ బైపాడ్ తీసుకున్నాను. మధ్యలో ఏం జరిగిందో చెప్తే ఇంకొకరికైనా డబ్బులు మిగులుతాయి.

ముందు నా రైఫిల్ సంగతి. పీసీపీ, అంటే సిలిండర్‌లో ముందే గాలి నింపుకుని కొట్టే ఎయిర్ రైఫిల్, 4.5 ఎంఎం, 20 జౌల్స్ లోపు, కాబట్టి లైసెన్స్ గొడవ లేదు. కానీ స్కోపు, గాలి సిలిండర్, చెక్క స్టాకు అన్నీ కలిపి తూస్తే 5 కిలోల 200 గ్రాములు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఏ ఆసరా లేకుండా నిలబడి కంచు పతకం తెచ్చాడు, నీకు కాళ్లెందుకురా అని మా బావ ఎగతాళి. ఆయన కొట్టింది 10 మీటర్లు బావా, నేను కొట్టేది 50, పైగా నేను గగన్ నారంగ్‌ని కాదు. చేవెళ్ల దాటాక ఫ్రెండ్ వాళ్ల పొలం ఉంది, టార్గెట్ వెనక రెండు నిలువుల మట్టికట్ట, ఆదివారం పొద్దున్నే గాలి లేవకముందే వెళ్తాం.

ఇసుక సంచి మీద పెట్టి కొడితే ఐదు పెల్లెట్ల చిల్లులూ రూపాయి బిళ్ల కింద దాక్కునేవి. అదే రైఫిల్, అవే పెల్లెట్లు, కొత్త బైపాడ్ మీద పెడితే పది రూపాయల బిళ్ల కూడా చాలడం లేదు. మూడు నెలలు పెల్లెట్లని తిట్టాను, స్కోపు స్క్రూలు విప్పి బిగించాను, చివరికి నా ఊపిరి మీదే అనుమానం వచ్చింది. ఒకరోజు పక్కన పడుకున్న ఫ్రెండ్ బైపాడ్ కాలుని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. టిక్, టిక్. అంతే. నేను స్కోపులోంచి చూస్తూనే ఉన్నాను, క్రాస్‌హెయిర్, అంటే లోపల గురి చూసే అడ్డగీతల గుర్తు, టార్గెట్ నల్ల గుండ్రం ఈ అంచు నుంచి ఆ అంచుకి పోయి వచ్చింది.

లెక్క వేసుకుంటే భయం వేస్తుంది. బైపాడ్‌కీ భుజానికీ మధ్య 60 సెంటీమీటర్లు అనుకుందాం. ముందు ఒక్క మిల్లీమీటర్ కదిలితే 50 మీటర్లలో 8 సెంటీమీటర్ల పైనే తేడా. కిలోమీటర్ దూరం కొట్టే, తూటా పేల్చే సెంటర్‌ఫైర్ రైఫిల్ వాళ్లకైతే అదే మిల్లీమీటర్ మీటరున్నర దాటుతుంది. ఆ కదలికని చేత్తో సర్దుకుంటూనే గురి పెడతాం అనుకోండి, కానీ ట్రిగ్గర్ నొక్కే క్షణంలో అది ఏ వైపు ఒరిగి ఉందో ఎవరికి తెలుసు?

అందుకే కొనేటప్పుడు కాళ్లు ఎంత లావుగా ఉన్నాయని చూడకండి, ఎక్కడెక్కడ ఊగుతుందో చూడండి. నాది మూడు చోట్ల ఊగేది. కాలు మడిచే దగ్గర రివెట్, లోపలి గొట్టం బయటి గొట్టంలో జారే చోట, ఇంకా రైలుకి, అంటే రైఫిల్ కింద ఉండే గాళ్ల పట్టీకి, పట్టే క్లాంపు. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. రైళ్లలో పికాటిని, వీవర్ అని రెండు రకాలు. పికాటిని రైలు గాడి వెడల్పు 5.2 ఎంఎం చిల్లర, వీవర్‌ది అంతకన్నా తక్కువ. వీవర్ కొలతకి చేసిన క్లాంపు పికాటిని మీద కూర్చుంటుంది, కానీ గాడిలో ముందుకీ వెనక్కీ జరుగుతుంది. రాణిగంజ్‌లో పలచటి వాషర్లు కొనుక్కొచ్చి క్లాంపు ఊగడం కాస్త తగ్గించాను. రివెట్‌ని ఏం చేస్తాం? షాపతనికి బైపాడ్ చూపిస్తే తిప్పి చూసి, "ఇది ఫోన్ స్టాండా తమ్మీ?" అన్నాడు.

ఇక హారిస్. అమెరికాలో కెంటకీలో చేస్తారు, చాలా కాపీలకి అసలు ఇదే. మోడల్ పేరులోని అక్షరాలు అర్థమైతే సగం పని అయినట్టే. నాది ఎస్‌బీఆర్‌ఎం. ఎస్ ఉంటే పక్కకి ఒరుగుతుంది, బీఆర్ అంటే 6 నుంచి 9 అంగుళాల ఎత్తు, ఎం అంటే కాళ్ల మీద గాట్లు ఉండి టకటకా ఒక్కో మెట్టులో ఆగుతుంది. పడుకుని కొట్టే వాళ్లకి ఈ ఎత్తు చాలు. 9 నుంచి 13 అంగుళాలది తీసుకుంటే ఎక్కడైనా పనికొస్తుందనిపిస్తుంది గానీ, బరువైన రైఫిల్ ఎంత పైకి లేస్తే అంత ఊగుతుంది. ఎస్ తప్పకుండా ఉండాలి, పొలంలో సమంగా ఉన్న నేల ఎక్కడ దొరుకుతుంది? రైఫిల్ కొంచెం పక్కకి ఒరిగినా గుండు ఆ వైపుకీ కిందికీ పోతుంది.

దీనిలోనూ ఒక ఇబ్బంది ఉంది. ఒరిగే భాగాన్ని బిగించడానికి ఇచ్చేది చిన్న గుండ్రటి నట్టు, పడుకుని వేళ్లతో తిప్పితే సరిగా బిగియదు. ఐదు కిలోల బరువు దాని మీద ఉంటే రైఫిల్ మెల్లగా ఒక పక్కకి వాలిపోతుంది. పాడ్‌లాక్ అనే లివర్ విడిగా కొని వేసుకోవాలి. మెహిదీపట్నం అన్న ముందే వేసి ఉంచాడు, నా అదృష్టం. ఆయనే ఇంకోటి చెప్పాడు, మడిస్తే కాళ్లు తుపాకీ గొట్టం మూతి వైపు పోయేలా బిగించాలి. అప్పుడు భుజంతో రైఫిల్‌ని కొంచెం ముందుకి నెట్టి కాళ్ల మీద భారం వేసినా అవి ముడుచుకోవు.

అట్లాస్ బీటీ10 అనే ఇంకో బైపాడ్ కూడా ఆయన దగ్గరే చూశాను. కాళ్లు 45 డిగ్రీల చొప్పున రకరకాలుగా నిలుస్తాయి, పక్కకి ఒరగడమే కాదు, కుడి ఎడమలకి తిరుగుతుంది కూడా. చేతిలో పట్టుకుంటేనే పనితనం తెలుస్తుంది. ధర హారిస్ కంటే చాలా ఎక్కువ. .308, .338 లాంటి పెద్ద తూటాలు పేల్చి వెనక్కి తన్నే బరువు రైఫిళ్ల వాళ్లకి పెట్టిన ప్రతి పైసా వసూలు. నా గాలి తుపాకీకి అంత అవసరమా అంటే నాకైతే అనిపించలేదు.

నేల కూడా చూసుకోవాలి. సిమెంటు గచ్చు మీద రబ్బరు పాదాలు ఎగిరి పడతాయి, తన్నుడు ఉన్న రైఫిల్ అయితే మరీ. నేను కింద పాత కార్ మ్యాట్ వేస్తాను. ఎర్రమట్టిలో ఆ గొడవే లేదు. వెనక బట్, అంటే భుజానికి ఆనే చివర, దాని కింద సంచి లేకపోతే మాత్రం ఎన్ని వేలు పెట్టిన బైపాడ్ అయినా సగం పనే చేస్తుంది. నాది పాత సాక్సులో సజ్జలు పోసి కుట్టింది, పిసికితే గురి కిందికి, వదిలితే పైకి. మొదట బియ్యం పోశాను, పురుగు పట్టింది.

రెండు హెచ్చరికలు. తుపాకీ గొట్టానికే బిగించే క్లాంపు బైపాడ్లు 500 రూపాయలకి కూడా దొరుకుతాయి, ముట్టుకోకండి. బైపాడ్ స్టాకుకే, అంటే రైఫిల్‌ని పట్టుకునే చెక్క భాగానికే ఉండాలి, గొట్టానికి భారం తగిలితే దెబ్బ పడే చోటు మారిపోతుంది. ఇక మీది గొట్టం వంచి లోడ్ చేసే స్ప్రింగ్ ఎయిర్ గన్ అయితే అసలు బైపాడే కొనకండి, లోపల పిస్టన్ కదలికకి అది ముందుకీ వెనక్కీ తంతుంది, గట్టి కాళ్ల మీద పెడితే గుళ్లు చెదిరిపోతాయి. అరచేతిలో వదులుగా ఆనించుకుని కొట్టడమే దానికి మందు.

హారిస్ వచ్చాక మొదటి ఆదివారం ఐదు పెల్లెట్లు కొట్టి, కాగితం తెచ్చి రూపాయి బిళ్ల పెట్టి చూశాం. నాలుగు కిందే ఉన్నాయి, ఒకటి సగం బయట. ఆ ఒక్కటి నాదే, బైపాడ్‌ది కాదు.