పలాస జీడిపప్పు వ్యాపారం: ఏఐ ఏజెంటుకు వదిలేయాలా, మనిషి చూడాలా?

ఖర్చు: ఏఐ ఏజెంటంటే మెయిళ్లు చదివి, జవాబిచ్చి, బిల్లులు రాసి, చెల్లింపులు కూడా చేయగల కంప్యూటరు ప్రోగ్రాం. దానితో జీతం కొంత మిగులుతుంది. మనిషిని పెట్టుకుంటే నమ్మకమైన గుమాస్తా దొరకాలి.

శ్రమ: ఏజెంటు అర్ధరాత్రి కూడా జవాబిస్తుంది. గుమాస్తా ఉదయమే చూస్తాడు.

ప్రమాదం: అసలు తేడా ఇక్కడే. జీడిపప్పులో 240 రకమంటే పౌండు బరువుకు సుమారు 240 గుండ్లు (విరగని పప్పులు). 320 రకం అంతకంటే చిన్నది, చవక. ఏజెంటు ఒకదానికి మరొకటి రాస్తే లారీ కదిలాక గాని తెలియకపోవచ్చు. వచ్చిన మెయిల్‌లో ఎవరైనా దొంగ ఆదేశం దాచిపెడితే, దాన్ని యజమాని మాటగా తీసుకుని డబ్బు పంపేయవచ్చు కూడా. గుమాస్తా సైతం పొరబడతాడు, కాని కొత్త ఖాతా నంబరు కనిపిస్తే ఫోను చేసి అడుగుతాడు. చదవకుండా సరే నొక్కే గుమాస్తా మాత్రం వద్దు.

ధరల పట్టిక, బిల్లు చిత్తుప్రతి ఏజెంటుకు నిశ్చింతగా ఇవ్వండి. బేరం ఖాయం చేయడం, ఖాతా మార్పు, చెల్లింపు మనిషి చూశాకే జరగాలి.