కరకట్టకు ఏది మేలు: బ్రాగ్ గ్రేటింగా, రామన్ కేబులా?

2024 సెప్టెంబరులో బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్ నీట మునిగినప్పటి నుంచి, విజయవాడలోనూ గుంటూరులోనూ ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివే విద్యార్థులు, నీటిపారుదల పనులు చూసే మిత్రులు నన్ను పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: కట్టలో ఊటను ముందుగా పసిగట్టడానికి ఆప్టికల్ ఫైబర్ వేయదలిస్తే, ఎంచిన చోట్ల మాత్రమే ఉష్ణోగ్రతనో సాగుడునో కొలిచే బ్రాగ్ గ్రేటింగ్ సెన్సర్లు మేలా, పొడవునా ఉష్ణోగ్రత చెప్పే రామన్ కేబుల్ మేలా? కరకట్ట వరకు నా మొగ్గు రామన్ వైపే. కొలత నాణ్యతలో గ్రేటింగ్ ఏమాత్రం తీసిపోదు. కానీ గండి ఎక్కడ పడుతుందో ముందుగా ఎవరికీ తెలియదు, నా దృష్టిలో నిర్ణయించవలసిన అంశం అదే.

వంతెన గర్డరులో ఒత్తిడి ఎక్కడ ఎక్కువో డిజైన్ లెక్కలే చెబుతాయి. మట్టికట్టకు అలాంటి లెక్క లేదు. పందికొక్కు తవ్విన బొరియ, కుళ్లిపోయిన చెట్టు వేరు, పాత తూము పక్కన సరిగా దిమ్మిస కొట్టని మట్టి, వీటిలో ఏదైనా ఊటకు దారి కావచ్చు, ఆ దారి మొదట్లో మీటరు వెడల్పు కూడా ఉండదు. 10 కిలోమీటర్ల కట్టకు 10 మీటర్లకొకటి చొప్పున గ్రేటింగులు పెట్టినా 1000 కావాలి. తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసే మామూలు ఇంటరాగేటరుతో (ఫైబరులోకి కాంతి పంపి, తిరిగి వచ్చినదాన్ని చదివే పెట్టెతో) ఒక ఫైబరుపై కొన్ని పదులకు మించి పట్టవు కనుక, పదుల సంఖ్యలో ఫైబర్లు లాగాలి. అంత చేసినా రెండు గ్రేటింగుల నడుమ ఉన్న మట్టి సంగతి మనకు తెలియదు. రామన్ పద్ధతిలో ఫైబరంతా సెన్సరే. 10 నానోసెకన్ల లేజర్ పల్సు పంపి, వెనక్కి చెదిరి వచ్చే కాంతిలో తరంగదైర్ఘ్యం పెరిగిన స్టోక్స్, తగ్గిన యాంటీ స్టోక్స్ భాగాల నిష్పత్తి చూస్తే, దాదాపు మీటరుకొకటి చొప్పున 10,000 ఉష్ణోగ్రతలు ఒకే పెట్టె నుంచి వస్తాయి. కొన్ని నిమిషాల సగటు తీస్తే డిగ్రీలో కొద్ది వంతు తేడా కూడా కనిపిస్తుంది.

అయితే యూరప్‌లో పనిచేసిన పద్ధతిని యథాతథంగా తెచ్చి కృష్ణా కరకట్టలో పాతితే చాలదని నా గట్టి అభిప్రాయం. అక్కడ శీతకాలంలో నది నీరు బాగా చల్లబడి, వేసవిలో వేడెక్కుతుంది. నేల ఆ మార్పును ఆలస్యంగా అందుకుంటుంది. కట్టలో ఎక్కడ ఊట ఉంటే అక్కడి మట్టి నేలతో కాక నీటితో పాటు మారుతుంది కాబట్టి, కేబుల్ ఊరికే ఉష్ణోగ్రత చూస్తూ ఉన్నా లీకు బయటపడుతుంది. మన నీటికి కాలాన్ని బట్టి అంత తేడా ఉండదు. పైగా బుడమేరు ఏడాదిలో చాలా నెలలు పలచగా పారి, వరద వచ్చినప్పుడు గంటల్లో ఉప్పొంగే వాగు. నెలల తరబడి తేడా కోసం ఎదురుచూసే పద్ధతి దానికి నప్పదు. అందుకే కేబుల్‌లో ఫైబర్ పక్కన రాగి తీగ ఉంచి, దానిలో కరెంటు పంపి వేడిచేసే పద్ధతినే ఇక్కడ ఎంచుకోవాలి. పొడి మట్టిలో వేడి నిలిచి కేబుల్ ఎక్కువగా వేడెక్కుతుంది, తడిసిన మట్టిలో తక్కువగా వేడెక్కుతుంది, నీరు కదులుతున్న చోట మరీ తక్కువగా వేడెక్కుతుంది. మీటరుకు 5 వాట్లు అనుకున్నా కిలోమీటరుకు 5 కిలోవాట్లు కావాలి కనుక, కట్టను భాగాలుగా విడగొట్టి ఒక్కొక్కదాన్నే వేడిచేయాలి, వరద రాత్రి కరెంటు పోతుందని ముందే అనుకుని జనరేటరు సిద్ధంగా ఉంచాలి. రాగి చేరగానే పిడుగుల బెడద లేదన్న ఫైబర్ సుగుణం పోతుంది. పిడుగు కరెంటును నేలలోకి మళ్లించే సర్జ్ అరెస్టర్లు తప్పవు.

గ్రేటింగ్ తక్కువదని ఇందువల్ల ఎవరూ అనుకోవద్దు. 2024 సెప్టెంబరులోనే కృష్ణా వరదకు కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్ల దగ్గర ఢీకొని, గేట్లు ఎత్తడానికి తోడ్పడే కౌంటర్ వెయిట్లను దెబ్బతీశాయి. అలాంటి దెబ్బ లిప్తపాటులో అయిపోతుంది, నిమిషాల సగటు తీసే రామన్ పెట్టెకు అది కనిపించదు. సెకనుకు వందలసార్లు చదివే గ్రేటింగు గేటు ఉక్కుకు అతికి ఉంటే, ఎంత వంగిందో మైక్రోస్ట్రెయిన్ (పొడవులో పది లక్షల వంతు సాగుడు) స్థాయిలో నమోదు చేస్తుంది. 70 గేట్లలో ఎక్కడెక్కడ అతికించాలో ఇంజనీరుకు ముందే తెలుసు, కనుక అక్కడ గ్రేటింగే మేలు. కాకపోతే 1550 నానోమీటర్ల దగ్గర ఒక డిగ్రీకి గ్రేటింగు తిప్పికొట్టే కాంతి తరంగదైర్ఘ్యం దాదాపు 10 పికోమీటర్లు, ఒక మైక్రోస్ట్రెయిన్‌కు దాదాపు 1.2 పికోమీటర్లు జరుగుతుంది. అంటే విజయవాడ వేసవిలో పగటికీ తెల్లవారుజాముకూ 15 డిగ్రీల తేడా వస్తే, గేటు మీద ఏ బరువూ పడకుండానే 120 మైక్రోస్ట్రెయిన్లకు పైగా పడినట్టు కనిపిస్తుంది. పక్కనే ఉక్కుకు అతికించకుండా వదులుగా ఉంచిన మరొక గ్రేటింగుతో దాన్ని తీసివేయాలి. ఈ జత లేకుండా వేసిన అమరిక ఎండను కొలుస్తుంది తప్ప గేటును కాదు.

చెదిరిన కాంతినే మరో విధంగా చదివే బ్రిల్లౌన్ కేబుల్ పొడవునా స్ట్రెయిన్ (సాగుడు) చెబుతుంది గాని, ఉష్ణోగ్రతను విడదీయడం అందులోనూ తలనొప్పే. కట్ట కుంగడం చూడాలంటే అది పనికొస్తుంది. ఫైబరుతో ప్రకంపనలు వినే పద్ధతిని ఈశాన్య సరిహద్దు రైల్వే, పట్టాల దగ్గర ఏనుగుల అడుగులను గుర్తించడానికి వాడుతోంది; ఊటకు అది ఇంకా నా మొదటి ఎంపిక కాదు. కరెంటు స్తంభాల మీద ఇప్పటికే వేలాడుతున్న ఇంటర్నెట్ ఫైబరునే వాడుకోవచ్చు కదా అని అడిగేవారికి జవాబు సులభం: మట్టిలో లేని ఫైబరుకు మట్టి సంగతి తెలియదు.

పాత వైబ్రేటింగ్ వైర్ పీజోమీటర్లను మాత్రం తీసేయవద్దు. కట్ట లోపలి నీటి పీడనాన్ని నేరుగా కొలిచేవి అవే, రామన్ కేబుల్ ఆ పని చేయలేదు. కేబుల్ ఒక చోట అనుమానం చూపితే, అక్కడ పీజోమీటరు దించి నిర్ధారించుకోవచ్చు. నీరు కట్ట మీదుగా పొర్లితే ఈ సెన్సర్లేవీ ఆదుకోవు, అక్కడ నీటిమట్టం గేజీయే దిక్కు.

వేసేవారికి ఒక మాట. కేబుల్‌ను కట్ట బయటి పాదం (నీటికి అవతలి వైపు అడుగు అంచు) వెంట, పగటి ఎండ ప్రభావం చేరనంత లోతులో, దాదాపు మీటరు కింద, ఉక్కు కవచంతో వేయించండి. రెండు కొసలనూ ఇంటరాగేటరు గదికి తిప్పి తెప్పించండి. ప్రొక్లెయినర్ ఎక్కడో ఒక చోట తెంపినా, రెండు వైపుల నుంచీ తెగిన చోటు దాకా కొలతలు వస్తూనే ఉంటాయి.