8×42 బైనాక్యులర్: రణ్‌లో వీట్‌ఇయర్‌ని చూసొచ్చాక రాస్తున్న రివ్యూ

కొని ఏడాదిన్నర అయింది, ఇన్నాళ్ళూ రివ్యూ ఎందుకు రాయలేదంటే ఉప్పలపాడు వెళ్ళి చూసి బాగుంది అని రాయడానికి నాకే సిగ్గేసింది. అక్కడ గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ ఒక్కోటి అంతంత ఉంటాయి, చెరువు గట్టు మీద నిలబడితే నా కళ్ళజోడు చాలు. బైనాక్యులర్‌కి అసలు పరీక్ష ఏంటంటే మట్టిరంగు పిట్ట మట్టి మీదే తిరుగుతుండాలి, చుట్టుపక్కల చెట్టూ పుట్టా ఉండకూడదు. ఆ పిట్ట వీట్‌ఇయర్. మొన్న జనవరిలో గుజరాత్‌లో చిన్న రణ్ అనే ఉప్పు ఎడారికి వెళ్ళొచ్చా, ఇక ధైర్యంగా రాయొచ్చు.

ముందు కొన్న కథ. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక షాపు, పేరు వద్దులెండి. 8×42, అంటే ఎనిమిది రెట్లు, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు, అది చూపించమంటే ఆ కుర్రాడు 20×50 తీసి చేతిలో పెట్టి "సార్ ఇది ఇరవై రెట్లు, అది ఎనిమిదే కదా, రేటు కూడా తక్కువ" అన్నాడు. గుంటూరు యార్డులో రోజూ మిర్చి టిక్కీల (బస్తాల) లెక్కలు రాసేవాణ్ణి, నాకు లెక్క చెప్తున్నాడు. ఇరవై రెట్లంటే పిట్టతో పాటు చెయ్యి వణుకు కూడా ఇరవై రెట్లు అవుతుంది. పైగా ముందు అద్దం సైజుని రెట్లతో భాగిస్తే కంటికొచ్చే వెలుగు వృత్తం ఎంతో వస్తుంది, 50ని 20తో భాగిస్తే రెండున్నర మిల్లీమీటర్లు, 42ని 8తో భాగిస్తే అయిదుంపావు. తెల్లారుజామున, పొద్దుగూకేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. నాలాగా కళ్ళజోడు ఉన్నోళ్ళు ఐ రిలీఫ్, అంటే కన్ను వెనక అద్దానికి ఎంత దూరంలో ఉన్నా బొమ్మ మొత్తం కనపడుతుందో, అది ఎంతో కూడా అడగాలి, దీనికి 17 మిల్లీమీటర్లు, అది తక్కువుంటే బొమ్మ అంచులు పోయి చుట్టూ నల్లటి గుండ్రం కనపడుతుంది. కుర్రాడికి ఆ మాటే తెలీదు, డబ్బా మీద నేనే వెతుక్కున్నా. బిల్లు 16,500 అయింది. బ్రాండ్ పేరు రాస్తే ప్రమోషన్ అంటారని రాయట్లేదు, ఈ రేంజ్‌లో అన్నీ ఇంచుమించు ఇంతే.

మొదటి ఆర్నెల్లు సీతానగరం వైపు కృష్ణ ఒడ్డునే తిరిగా. కంప నల్లంచి ఉంటుంది చూడండి, నల్లగా చిన్నది, రెక్క మీదా తోక మొదట్లోనూ తెలుపు, కంప చివర కూర్చుని కిందకి దూకి పురుగుని పట్టి మళ్ళీ పైకొస్తుంది. వీట్‌ఇయర్‌కి ఇది చుట్టమే, రెండూ ఒకే కుటుంబం. అది దూకే లోపల ఫోకస్ చక్రం తిప్పడం చెయ్యికి అలవాటు అవ్వాలని రోజూ అదే పని. మా ఆవిడ "నల్లంచిని చూడ్డానికి పదహారున్నర వేలా" అంది, సమాధానం లేదు.

ఇక రణ్. విజయవాడలో నవజీవన్ ఎక్కి అహ్మదాబాద్, అక్కణ్ణుంచి జీపు. తోడు మా బామ్మర్ది, వాడి దగ్గర 10×50 ఉంది, దారి పొడుగునా "బావా నాది పది రెట్లు" అని ఒకటే గోల. పొద్దున ఏడింటికి ఎండిపోయిన మట్టి మీద గైడు వేలు పెట్టి చూపిస్తే మాకేం కనపడలా. గులకరాయి అనుకున్నది గబగబా నాలుగడుగులు పరిగెత్తి ఆగింది, నిటారుగా నిలబడి తోక ఆడించింది, అప్పుడు దొరికింది. ఇసబెల్లైన్ వీట్‌ఇయర్, ఒళ్ళంతా ఇసక రంగు. మధ్య ఆసియా నుంచి చలికాలానికి ఇక్కడికి దిగుతుంది. ఇది ఆడ డెజర్ట్ వీట్‌ఇయర్‌తో కలగాపులగం అవుతుంది, ఎగిరినప్పుడు తోక చూస్తేనే తేలేది: డెజర్ట్‌కి తోక దాదాపు మొత్తం నలుపు, దీనికి మొదట్లో తెలుపు, చివర వెడల్పాటి నల్ల పట్టీ. ఎగిరేది రెండు సెకన్లు. నా దాంట్లో వెయ్యి మీటర్ల దూరాన 130 మీటర్ల వెడల్పు పడుతుంది కాబట్టి పిట్ట తప్పిపోలా, పట్టీ స్పష్టంగా చూశా. మావాడు జీపు ఇంజన్ ఆపేదాకా ఊగుతూనే ఉన్నాడు, ఆపాక పిట్ట లేదు.

పేరు సంగతి చెప్పాలి. వీట్ అంటే గోధుమ, ఇయర్ అంటే కంకి, గోధుమ చేలల్లో తిరుగుతుందేమో అనుకున్నా. కాదంట, పాత ఇంగ్లీషులో తెల్ల ముడ్డి అన్న మాట అరిగి అరిగి ఇలా అయింది. ఎగిరితే నిజంగా కనపడేది అదే. దీని అక్క లాంటిది నార్తర్న్ వీట్‌ఇయర్, పాతిక గ్రాములు, మా యార్డు లెక్కలో పిడికెడు ఎండుమిరపకాయలు. అది అలాస్కా నుంచి ఆసియా మొత్తం దాటి తూర్పు ఆఫ్రికాకి దాదాపు 14,500 కిలోమీటర్లు పోయి, మళ్ళీ అంతే వెనక్కి వస్తుంది. ఎటు పోయిందో నమోదు చేసే, గ్రామున్నర కూడా లేని యంత్రం కట్టి లెక్క తేల్చారు, 2012లో బయటపెట్టారు. రైల్లో నడుం పట్టేసిందని గొణుగుతున్న బామ్మర్దికి ఇది చెప్తే కాసేపు మాట్లాడలా.

లోపాలు ఉన్నాయి. తెల్లటి నడుం మీద ఎండ పడితే అంచున ఊదా గీత వస్తుంది, ఈ రేటులో అంతే అనుకోవాలి. ఫోకస్ చక్రం కాస్త నెమ్మది, దగ్గర నుంచి దూరానికి ఒకటిన్నర చుట్టు తిప్పాలి. పదకొండు దాటాక నేల మీద ఎండ ఆవిర్లు లేస్తే పిట్ట నీళ్ళలో ఉన్నట్టు కదులుతుంది, అది మాత్రం దీని తప్పు కాదు, లక్ష రూపాయల దాంట్లో చూసినా అంతే. కుడి కంటి రబ్బరు కప్పు ఎనిమిది నెలలకే లూజయింది. షాపుకి తీసుకెళ్తే "కప్పు వారంటీలో రాదు సార్" అన్నాడు, మళ్ళీ ఆ 20×50 చూపించబోయాడు. ఫెవిక్విక్‌తో నేనే అంటించుకున్నా.

బైనాక్యులర్‌కి నాలుగు స్టార్లు, షాపుకి ఒకటి, అదీ ఏసీ ఉందని. డబ్బాలో వచ్చే మెడ పట్టీ మాత్రం సన్నం, గంటకే కోసేస్తుంది, వెడల్పుది విడిగా కొనుక్కోండి. బామ్మర్ది తన 10×50 అమ్మేస్తాడంట, ఎవరికైనా కావాలంటే అడగండి, కానీ చెయ్యి వణకకూడదు.